మీ దుకాణం వెబ్‌సైట్ గూగుల్‌లో కనిపించాలంటే ఏం చేయాలి?

"వెబ్‌సైట్ చేయించి ఆరు నెలలు దాటింది, గూగుల్‌లో వెతికితే మా దుకాణం పేరే రావడం లేదు, ఏం చేయమంటారు?" అన్న ప్రశ్న మిఠాయి కొట్టువారు, పచ్చళ్లు పెట్టి అమ్మేవారు, చీరల వ్యాపారులు ఒకే మాదిరిగా అడుగుతున్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే మొదటి నుంచి వరుసగా రాసిపెడితే, మీరు దీన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క పనీ చేసుకోగలుగుతారు. ఉదాహరణకు పూతరేకులు అమ్మే ఒక కుటుంబ దుకాణాన్ని తీసుకున్నాను. మీది ఏ వ్యాపారమైనా పని ఇదే.

ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని గూగుల్ వారే చెప్పి ఉన్నారు. అంటే సంక్రాంతి అమ్మకాలకు అక్కరకు రావాలనుకుంటే శ్రావణ మాసంలోనే మొదలుపెట్టాలి, ధనుర్మాసంలో కాదు.

కావలసినవి

వ్యాపారం పేరుతో ఒక జీమెయిల్ ఖాతా, డొమైన్ (మీ సైట్ చిరునామా పేరు) కొన్న కంపెనీలో మీ ఖాతా వివరాలు, వెబ్‌సైట్‌లోకి అడ్మిన్‌గా వెళ్లే పాస్‌వర్డ్, మంచి కెమెరా ఉన్న ఫోన్, కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉండే ఒక నోటు పుస్తకం, నెల రోజుల పాటు వారానికి రెండు మూడు గంటల సమయం ఉంటే చాలు. ఇక్కడ చెప్పే గూగుల్ పరికరాలన్నీ ఉచితమే.

హెచ్చరిక: డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో నమోదై ఉందో లేదో ముందుగా చూసుకోండి. సైట్ చేసిన డిజైనర్ తన ఖాతాలోనే డొమైన్ కొనిపెట్టి, రెండేళ్ల తర్వాత ఫోన్ ఎత్తకపోతే, మీరు పడిన శ్రమంతా ఆ పేరుతో పాటే చేజారిపోతుంది. అలా ఉంటే మిగతా పనులు ఆపి, ముందు దాన్ని మీ ఖాతాలోకి బదిలీ చేయించుకోండి.

1. గూగుల్‌కు మీ సైట్ తెలుసో లేదో చూడండి

గూగుల్ వెతుకుడు పెట్టెలో 'సైట్' అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, దాని వెనుక కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి వెతకండి. మీ పేజీలు వరుసగా కనిపిస్తే గూగుల్ మీ సైట్‌ను తన జాబితాలో, అంటే ఇండెక్స్‌లో, చేర్చుకున్నట్లు. ఒక్కటీ రాకపోతే, ర్యాంకుల (ఫలితాల్లో ఎన్నో స్థానం అన్నదాని) గురించి ఆలోచించే దశకు మీరింకా రాలేదన్నమాట.

వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైట్లలో దీనికి తరచుగా కనిపించే కారణం ఒకే ఒక్క టిక్. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీకి వెళితే, 'డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్ ఫ్రమ్ ఇండెక్సింగ్ దిస్ సైట్' అన్న వాక్యం పక్కన చిన్న గడి ఉంటుంది. సైట్ తయారవుతున్నంత కాలం సగం పేజీలు బయటపడకుండా డిజైనర్లు అక్కడ టిక్ పెడతారు, పని అయ్యాక తీయడం మరిచిపోతారు. మా పిన్నిగారి పచ్చళ్ల సైట్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ఆవకాయ సీజన్ మొత్తం, మార్చి నుంచి జూన్ దాకా, ఆ టిక్ అలాగే ఉండిపోయింది. ఆమె మాత్రం తన పచ్చడి ఫోటోలు బాగాలేవేమోనని మళ్లీ మళ్లీ తీయించుకుంటూ కూర్చున్నారు. ఆ గడిని మీ కళ్లతో మీరే చూడండి, ఎవరి మాటా నమ్మవద్దు.

2. సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను నమోదు చేయండి

మీ సైట్ గురించి గూగుల్‌కు ఏం తెలుసో మీకు చూపించే ఉచిత పరికరం సెర్చ్ కన్సోల్. మీ వ్యాపార జీమెయిల్‌తో లోపలికి వెళ్లి, 'డొమైన్' అన్న రకాన్ని ఎంచుకోండి. గూగుల్ ఒక పొడవైన కోడ్ ఇస్తుంది. దాన్ని డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే) సెట్టింగ్స్‌లో టీఎక్స్‌టీ రికార్డుగా (ఒక వరుస రాతగా) చేర్చి, తిరిగి వచ్చి 'వెరిఫై' నొక్కాలి. వెంటనే కాకపోతే కంగారు పడకుండా మర్నాడు మళ్లీ నొక్కండి. డీఎన్ఎస్ జోలికి పోవడం భయమనిపిస్తే 'యూఆర్ఎల్ ప్రిఫిక్స్' అన్న రెండో రకాన్ని ఎంచుకుని, గూగుల్ ఇచ్చే చిన్న ఫైలును సైట్‌లో పెట్టినా సరిపోతుంది.

తర్వాత 'సైట్‌మ్యాప్స్' విభాగంలో మీ సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా) చిరునామా ఇవ్వండి. 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ దీన్ని తనంతట తానే తయారు చేస్తోంది కాబట్టి, ఇందుకోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ముఖ్యమైన నాలుగైదు పేజీలను 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్'లో పెట్టి చూసి, ఇండెక్స్‌లో లేని వాటికి 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' ఒక్కసారి నొక్కండి. రోజూ నొక్కినంత మాత్రాన పని త్వరగా కాదు.

3. మ్యాప్‌లో మీ దుకాణాన్ని సరిగ్గా పెట్టండి

మీకు కొట్టు ఉండి, జనం నడిచి వచ్చే వ్యాపారమైతే, వెబ్‌సైట్ కంటే ముందు ఫలితం ఇచ్చేది గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణానికి ఉండే పేజీ, గూగుల్ బిజినెస్ ప్రొఫైలే. 'నా దగ్గరలో మిఠాయి దుకాణం' అని వెతికినవారికి మ్యాప్‌తో పాటు కనిపించే మూడు నాలుగు పేర్లు ఇక్కడి నుంచే వస్తాయి. వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతోంది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, ఎంతమందికి తెలిసిన దుకాణం అన్న మూడింటిని బట్టి ఈ వరుస ఏర్పడుతుందని గూగుల్ చెబుతుంది. దూరం మీ చేతిలో లేదు, మిగతా రెండూ చాలావరకు ఉన్నాయి.

పేరు మీ బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు వెనుక 'బెస్ట్ స్వీట్స్ ఇన్ రాజమండ్రి' వంటి తోకలు తగిలించడం నియమాలకు విరుద్ధం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు మార్చేస్తారు, ఒక్కోసారి ప్రొఫైల్‌నే ఆపేస్తారు. వర్గాన్ని ఎంచుకునేటప్పుడు కేవలం 'దుకాణం' అనకుండా, మిఠాయి దుకాణం అని నిర్దిష్టంగా ఎంచుకోండి. మ్యాప్ మీద గుర్తును వేలితో జరిపి, సరిగ్గా మీ గుమ్మం ముందు పెట్టండి. పల్లెల్లో, కొత్త కాలనీల్లో ఆ గుర్తు వెనక వీధిలో పడడం మామూలే.

చిరునామా దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. దాంతో చాలా దుకాణాలకు బోర్డు మీద పాత జిల్లా, జీఎస్టీ పత్రంలో ఇంకొకటి, సైట్ అడుగున మరొకటి ఉండిపోయాయి. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్ని చోట్లా ఒకే రకంగా ఉండేలా ఒక పూట కూర్చుని సరిదిద్దండి. పాత నంబరుతో ఎప్పుడో ఎవరో సృష్టించిన రెండో ప్రొఫైల్ ఉందేమో కూడా వెతికి చూడండి.

ధ్రువీకరణకు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, పక్కనున్న దుకాణాలు, మీ బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, సరుకు ఉన్న గది, ఇవన్నీ ఎక్కడా ఆపకుండా, కోతలు లేకుండా ఒకే వీడియోగా తీయాలి. ఆధార్, బ్యాంకు కాగితాలు అందులో పడనివ్వకండి.

హెచ్చరిక: ఇంట్లో తయారు చేసి కేవలం కొరియర్‌లో పంపేవారికి, కొనేవారు ఎవరూ ముఖాముఖి కలవని వ్యాపారానికి, ఈ ప్రొఫైల్ పొందే అర్హత లేదు. అటువంటివారు దీన్ని వదిలి నేరుగా నాలుగో పనికి వెళ్లండి. ఇంటి నుంచే నడుపుతూ ఊళ్లోనివారి ఇళ్లకు మీరే వెళ్లి సరుకు ఇచ్చేట్లయితే మాత్రం, చిరునామా దాచి, తిరిగే ప్రాంతాన్ని మాత్రమే చూపించే వీలుంది.

సమీక్షలు అడగడం తప్పు కాదు. డబ్బు చెల్లించే చోట క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న అట్ట పెట్టి, తిన్నది నచ్చిందో లేదో నాలుగు మాటలు రాయమని అడగండి. ఐదు నక్షత్రాలు ఇస్తే పావుకేజీ ఉచితం అనడం, సంతోషంగా ఉన్నవారిని మాత్రమే ఏరి అడగడం రెండూ నిషిద్ధం. తిట్టిన సమీక్షకు కూడా మర్యాదగా, జరిగింది ఒప్పుకుంటూ జవాబు రాయండి. దాన్ని రాసినవారి కంటే చదివేవారే ఎక్కువ.

4. కొనేవారి మాటలను పోగు చేయండి

ఈ పని వేరేవారికి అప్పగించవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే కీవర్డ్‌లు (జనం వెతికే మాటలు) అని అందరూ గొప్పగా చెప్పేవి మీ కౌంటర్ దగ్గరే రోజూ వినిపిస్తుంటాయి. రెండు వారాల పాటు కొట్టుకు వచ్చినవారు, ఫోన్ చేసినవారు, వాట్సాప్‌లో అడిగినవారు వాడిన మాటలను ఉన్నవున్నట్లు నోటు పుస్తకంలో రాయండి. "బెల్లంవి ఉన్నాయా, పంచదారవేనా?", "నెయ్యి మీరే కాస్తారా?", "ఎన్ని రోజులు నిలవ ఉంటాయి?", "అమెరికాలో మా అమ్మాయికి పంపగలరా, విరిగిపోవా?", "పెళ్లికి ఐదు వందలు కావాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?" ఇలా వస్తాయి. ఎక్కువసార్లు వచ్చిన ఐదారు ప్రశ్నలు మీ సైట్‌లో ఉండాల్సిన ఐదారు పేజీలు. "సంప్రదాయ రుచుల సమ్మేళనం" అని వెతికేవారు ఎవరూ లేరు.

తర్వాత ఆ మాటలను గూగుల్ పెట్టెలో సగం కొట్టి ఆగితే, కింద వచ్చే సూచనల్లో జనం ఇంకా ఏమేం అడుగుతున్నారో తెలుస్తుంది. గూగుల్ ట్రెండ్స్‌లో రాష్ట్రాన్ని ఎంచుకుని చూస్తే ఏ మాట ఏ నెలలో పెరుగుతుందో కనిపిస్తుంది.

మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. 'పూతరేకులు' అనే మాటలో 'త' కోసం ఒకరు టి ఒక్కటే పెడతారు, ఇంకొకరు టి పక్కన హెచ్ చేరుస్తారు. 'పూ' కోసం కొందరు రెండు ఓలు, కొందరు ఒక యు రాస్తారు. ఒక్కో రూపానికి ఒక్కో పేజీ చేయించుకోమని సలహా ఇచ్చేవారున్నారు, వినవద్దు. ఇలాంటి తేడాలను గూగుల్ చాలావరకు తనే సర్దుకుంటుంది. ఎక్కువమంది వాడే రూపం ఒకటి ఎంచుకుని శీర్షికలో పెట్టండి, పక్కన తెలుగు లిపిలో పేరు ఉంచండి. అన్ని రూపాలనూ పేజీ అడుగున తెల్లటి అక్షరాల్లో దాచిపెట్టడం మోసం కిందికి వస్తుంది.

తెలుగులో మాట్లాడి వెతికే వీలు 2017 నుంచి ఉంది. ఇంగ్లీషు టైపు చేయడం రాని పెద్దవారు ఫోన్‌తో మాట్లాడే వెతుకుతున్నారు కాబట్టి తెలుగు పేజీ దండగ అనుకోకండి.

5. ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ రాయండి

శీర్షికతో, అంటే గూగుల్ ఫలితాల్లో మీ పేజీకి పేరుగా కనిపించే వాక్యంతో, మొదలుపెట్టండి. చాలా సైట్లలో మొదటి పేజీ శీర్షిక 'హోమ్' అనో, 'వెల్‌కమ్' అనో ఉంటుంది. దాని బదులు 'నేతి బెల్లం పూతరేకులు, 10 రేకుల పెట్టె ధర, ఇంటికి డెలివరీ' అని రాస్తే వెతికే మనిషికి తన మాటే కనబడుతుంది. అక్షరాలకు గూగుల్ కచ్చితమైన హద్దు పెట్టలేదు, తెర వెడల్పును బట్టి చివర కత్తిరిస్తుంది. అందుకే సరుకు పేరు ముందు రావాలి, దుకాణం పేరు చివర రావాలి.

పేజీలో మొదటి పేరాలోనే ధర, తూకం, నిలవ ఉండే రోజులు, ఎక్కడికి పంపుతారో చెప్పండి. తర్వాత ఏమేం వేస్తారో, ఎలా చేస్తారో రాయండి. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగితే, కాగితం కంటే పల్చగా రేకు లేస్తుంది. మీ ఇంటి ఆడవారు ఆ పని చేస్తున్నప్పుడు, కుండ మీద నుంచి రేకు లేచే క్షణాన తీసిన ఫోటో ఒక్కటి, ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఇరవై ఫోటోల కంటే విలువైనది. తినే సరుకు అమ్మేవారు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరును కూడా పేజీలో చూపించండి.

ఒక జాగ్రత్త: ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సరుకుకే ఆ పేరు వాడే హక్కు) వచ్చింది. మీవి అక్కడ తయారైనవి కాకపోతే, వెతుకులాటలో కలిసొస్తుందని ఆ ఊరి పేరు తగిలించకండి.

ఇక్కడ మనవారు చేసే పొరపాట్లు ఎక్కువ కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాను.

ధరల పట్టిక మొత్తాన్ని కరపత్రంలా బొమ్మ చేసి పెట్టడం మొదటిది. మనిషి చదవగలిగినా, బొమ్మలోని అక్షరాలను పేజీలోని రాతలా లెక్కలోకి తీసుకుంటారన్న భరోసా లేదు. ధరలను టైపు చేసే పెట్టండి.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగును తెచ్చి సైట్‌లో అతికించడం రెండోది. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంటే తెలుగులాగే కనిపిస్తుంది, గూగుల్‌కు మాత్రం అవి అర్థంలేని గుర్తులు. దీన్ని పరీక్షించడం సులువు: మీ పేజీలోని ఒక వాక్యాన్ని కాపీ చేసి గూగుల్ పెట్టెలో అతికించండి. తెలుగు అక్షరాలే వస్తే అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి), భయం లేదు. పిచ్చి గీతలు వస్తే ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్పించాలి.

తెలుగు శీర్షిక పెట్టగానే పేజీ చిరునామా కూడా తెలుగులోనే తయారవడం మూడోది. దీనివల్ల ర్యాంకు తగ్గదు గానీ, ఆ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలతో నాలుగు వరుసల చాంతాడంత అవుతుంది. అది చూసి జనం నొక్కడానికి జంకుతారు. చిరునామాను రెండు మూడు చిన్న ఇంగ్లీషు మాటలకు కుదించండి. ఇప్పటికే జనంలోకి వెళ్లిన చిరునామాను మారుస్తున్నట్లయితే, పాతదాని నుంచి కొత్తదానికి 301 దారిమళ్లింపు (పాత లింకు నొక్కినవారిని కొత్త చోటికి చేర్చే ఏర్పాటు) పెట్టడం మరవకండి.

పక్క దుకాణం సైట్ నుంచి రాతను ఎత్తిపెట్టడం, యంత్రంతో వందల పేజీలు అనువదించి చదవకుండానే వదిలేయడం మిగిలినవి. ఇలా యంత్రంతో అనువదించి వదిలేయడాన్ని 2024 మార్చిలో వచ్చిన గూగుల్ నియమాల్లో స్పామ్‌గా మరింత స్పష్టంగా చేర్చారు. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో పైకి కనబడకుండా రాసే మాటల జాబితా) నింపడానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ర్యాంకుకు దాన్ని వాడబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

6. ఫోన్‌లో త్వరగా తెరుచుకునేలా చేయండి

గూగుల్ ఇప్పుడు మీ సైట్‌ను ఫోన్‌లో కనిపించే రూపాన్ని బట్టే చదువుతుంది కాబట్టి, ఆఫీసు కంప్యూటర్‌లో అందంగా ఉందని తృప్తి పడకండి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్షలో మీ చిరునామా ఇచ్చి 'మొబైల్' ఫలితం చూడండి. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఎక్కువసార్లు దోషి ఫోటోలే. ఫోన్‌తో తీసిన నాలుగైదు ఎంబీల ఫోటోను అలాగే ఎక్కించకుండా, వెడల్పు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫోటో రూపంలో 200 కేబీ లోపుకు తెచ్చి పెట్టండి. నూటికి నూరు మార్కుల కోసం డబ్బు తగలేయవద్దు. తక్కువ మార్కులను చూపే ఎర్ర రంగులోంచి బయటపడితే చిన్న దుకాణానికి సరిపోతుంది.

7. ఇతరుల సైట్ల నుంచి లింకులు

మీ సైట్‌కు వేరే సైట్లు లింకు ఇస్తే నమ్మకం పెరుగుతుంది. మీ వ్యాపారుల సంఘం, మీరు సరుకు ఇచ్చే హోటళ్లు, క్యాటరింగ్ వారు, మీ ఊరి గురించి రాసిన పత్రికల వెబ్‌సైట్లు, వీటిని అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు. 'ఐదు వేలకు వెయ్యి లింకులు' అన్న బేరానికి మాత్రం ఒప్పుకోకండి. 2012లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ అటువంటి సైట్లను కిందికి నెట్టింది, ఇప్పటికీ కొన్న లింకులు నియమాలకు విరుద్ధమే. 'మొదటి స్థానం గ్యారంటీ' అని ఫోన్ చేసేవారికి ఒక్కటే జవాబు: అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసింది.

8. ఫలితం వచ్చిందో లేదో ఎలా చూడాలి?

మీ ఫోన్‌లో మీరే వెతికి, మొదట వచ్చిందని సంతోషించకండి. మీరున్న చోటును బట్టి, మీరు రోజూ ఆ సైట్ తెరవడాన్ని బట్టి కూడా ఫలితాలు మారుతాయి. నెలకు ఒక్కసారి సెర్చ్ కన్సోల్‌లో 'పెర్ఫార్మెన్స్' తెరిచి, జనం ఏ మాటలతో వెతికినప్పుడు మీరు కనిపించారో, ఎంతమంది నొక్కారో చూడండి.

ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీరు కనిపించిన సార్లు) అసలు లేకపోతే ఒకటి, రెండు పనులకు తిరిగి వెళ్లండి. ఇంప్రెషన్లు ఉండి క్లిక్‌లు లేకపోతే, మీరు రెండో మూడో పేజీలో ఉన్నారని గానీ, శీర్షిక ఆకట్టుకోవడం లేదని గానీ అర్థం. సగటు స్థానం పదిలోపు ఉంటే శీర్షిక మార్చండి, ఇరవై దాటితే పేజీలో ఇంకా సమాచారం చేర్చండి. క్లిక్‌లు ఉండి ఆర్డర్లు లేకపోతే లోపం గూగుల్‌లో లేదు: ధర కనబడడం లేదేమో, వాట్సాప్ మీట పనిచేయడం లేదేమో వేరే ఫోన్ నుంచి మీరే ఒక ఆర్డరు పెట్టి చూడండి.

పండగ వ్యాపారానికి జనవరిని ఫిబ్రవరితో పోల్చి బెంగపడకండి. ఆ నివేదికలో 16 నెలల లెక్క ఉంటుంది కాబట్టి, ఈ సంక్రాంతిని పోయిన సంక్రాంతితో పోల్చండి. అంతకు మించి కావాలంటే ప్రతి నెలా ఆ పట్టికను దించి దాచుకోండి. ఫోన్‌లో, వాట్సాప్‌లో ఆర్డరు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి నోటు పుస్తకంలో ఒక గీత గీయండి. ఆ గీతలు చెప్పే సంగతి ఏ పరికరమూ చెప్పదు.

ఒకవేళ సందర్శకులు ఒక్కసారిగా పడిపోతే ఈ వరుసలో చూడండి: సైట్ తెరుచుకుంటోందా, డొమైన్ గడువు తీరిందా, సైట్‌ను కొత్తగా చేయించినప్పుడు ఆ రీడింగ్ పేజీలోని టిక్ మళ్లీ పడిందా, పాత చిరునామాలకు దారిమళ్లింపు ఉందా, సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' (నియమాలు తప్పినందుకు గూగుల్ సిబ్బంది తీసుకున్న చర్యలు) కింద ఏమైనా రాసి ఉందా. ఈ ఐదింటిలో ఏదీ కాకపోతే రెండు వారాలు ఏమీ మార్చకుండా ఆగి, ఏ పేజీకి, ఏ మాటకు క్లిక్‌లు తగ్గాయో చూసి, ఆ ఒక్క పేజీనే సరిదిద్దండి.